మలికాన్పూ – మగవాడి పనీ

ఈ మధ్య మన పత్రికలలో ఒక కొత్త రకం తండ్రి తరచుగా కనిపిస్తున్నాడు. ఆయనకు రెండో బిడ్డ పుట్టింది. రాత్రిళ్లు నిద్ర లేదు. పెద్దబిడ్డ అలిగి అన్నం మానేస్తున్నది. ఆఫీసులో కళ్లు మూతలు పడుతున్నాయి. మొదటి బిడ్డను ప్రేమించినట్టు ఈ బిడ్డను కూడా ప్రేమించగలనా అని ఆయనకొక సందేహం. ఇట్లా రెండు పేజీలు గడిచాక, ఒక తెల్లవారుఝామున పసిగుడ్డు ఆయన వేలు పట్టుకుంటుంది. ఆయన హృదయం కరిగిపోతుంది. ప్రేమ పంచితే తరిగేది కాదన్న సత్యం బోధపడుతుంది. ఆయన ‘సర్దుకుంటాడు’. కథో, కవితో, వ్యాసమో అక్కడితో ముగుస్తుంది.

ఈ రచనలలో అబద్ధం ఉన్నదని నేననను. నిద్ర లేకపోవటం నిజమే. పెద్దబిడ్డ అలగటం నిజమే. వేలు పట్టుకోవటం కూడా నిజమే. కాని కొన్ని నిజాలను ఏరుకొని కొన్నిటిని వదిలేస్తే, మిగిలినది అబద్ధం చేసే పనే చేస్తుంది. వదిలేసినవి ఏమిటి? ఆ తెల్లవారుఝాముకు ముందు ఆ రాత్రి బిడ్డ ఎన్నిసార్లు లేచింది? ప్రతిసారీ లేచినదెవరు? తడిసిన పక్కగుడ్డలు మార్చినదెవరు, పొద్దున వాటిని ఉతికినదెవరు? ఆ తండ్రికి యజమాని ఎన్ని రోజులు సెలవిచ్చాడు? ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు? ఈ ప్రశ్నలలో ఒక్కటైనా ఆ రెండు పేజీలలో రాదు. భార్య ఒకటి రెండు చోట్ల వస్తుంది, అలసిన ముఖంతో చిరునవ్వు నవ్వటానికి.

‘సర్దుకోవటం’ అనే మాటను కాస్త పట్టి చూడాలి. రైలుపెట్టెలో చోటు లేనప్పుడు సర్దుకుంటాం. జీతం చాలనప్పుడు సర్దుకుంటాం. చోటు ఎందుకు లేదని, జీతం ఎందుకు చాలటం లేదని అడిగేవాణ్ణి సర్దుకునేవాడని ఎవరూ అనరు. మన మధ్యతరగతికి ఈ మాటమీద ఇంత మమకారం ఉండటానికి కారణం ఇదే. అది ప్రతి సామాజిక సమస్యనూ మనసులోకి తోసేసి, అక్కడ దానికి ఒక కన్నీటిబొట్టుతో పరిష్కారం చూపిస్తుంది. రెండో బిడ్డ రాకతో తండ్రికి వచ్చే చిక్కు ప్రధానంగా ప్రేమకు సంబంధించినది కాదు. అది పనికి సంబంధించినది: ఎంత పని, ఎవరు చెయ్యాలి, ఎవరి కాలం వెచ్చించి చెయ్యాలి అన్నది. ఆ మాట చెప్పటానికే ఈ వ్యాసం.

మొదటి బిడ్డ పుట్టినప్పుడు ఇదే తండ్రికి ఈ చిక్కు ఇంతగా ఎందుకు రాలేదు? మన ఆచారం చూస్తే జవాబు దొరుకుతుంది. మనలో తొలికాన్పు పుట్టింటివారిది. సీమంతం చేసి కూతుర్ని తీసుకుపోతారు. పురుడు అక్కడే. మూడో నెలలోనో, ఐదో నెలలోనో తల్లినీ బిడ్డనూ సారెతో సహా మెట్టినింట దిగబెడతారు. ఈ నెలలన్నీ తండ్రి ఏం చేస్తాడు? శనివారం సాయంత్రం పళ్లసంచీతో బస్సెక్కి అత్తగారింటికి పోతాడు. లాలపోసి, సాంబ్రాణి పొగ వేసి, కాటుక పెట్టి, పొత్తిగుడ్డల్లో చుట్టిన బిడ్డను ఆయన చేతుల్లో పెడతారు. పది నిమిషాలకు బిడ్డ ఏడుస్తుంది. “ఇటివ్వండి బాబూ” అని అత్తగారు పుచ్చుకుంటుంది. ఆదివారం రాత్రి ఆయన తిరుగు బస్సెక్కుతాడు. ఆయనకు తెలిసిన పసిబిడ్డ ఒళ్లు కడిగిన బిడ్డ, కడుపు నిండిన బిడ్డ. ఆ బిడ్డను అట్లా తయారుచెయ్యటానికి ముగ్గురు ఆడవాళ్లు రోజంతా పడిన శ్రమ ఆయనకు కనపడదు. కనపడనివ్వకపోవటమే ఆ ఆచారంలోని మర్యాద.

మలికాన్పుకు ఈ ఏర్పాటు సామాన్యంగా ఉండదు. రెండోసారి పురుడు పొయ్యటం పుట్టింటివారి విధి కాదు. అప్పటికి ఆ తల్లిదండ్రులు ముసలివాళ్లయి ఉంటారు. పెద్దబిడ్డకు బడి ఉంటుంది. ఉద్యోగం కోసం హైదరాబాదో, బెంగుళూరో వచ్చిన కుటుంబమైతే సాయానికి ఇరుగుపొరుగు కూడా ఉండదు. మొదటిసారి తెర వెనుక జరిగిన పనంతా ఇప్పుడు తన రెండు గదుల ఇంట్లో, తన కళ్ల ఎదుట జరుగుతుంది. పత్రికల్లోని తండ్రి తెల్లబోయేది ఇందుకు. రెండో బిడ్డ మొదటి బిడ్డకంటె గడ్డు బిడ్డ కాదు. ఈసారి పని కనిపించింది, అంతే. ఆ లెక్కన మన మగవాడు మలికాన్పుతోనే మొదటిసారి తండ్రి అవుతున్నాడు.

ఇక ఆ ఇంట్లో బాలింత స్థితి ఏమిటో చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణాలో నూటికి 60 కాన్పులు పొట్టకోసి చేసినవి; ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం మొత్తంమీద ఇది 21 మాత్రమే. మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే కావటం మనకు పరిపాటి. చాలామందికి దానితోపాటే పిల్లలు పుట్టకుండా మరో ఆపరేషన్. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు. మగవాళ్ల ఆపరేషన్ లెక్క నూటికి ఒకటి కూడా లేదు. ఆడవాళ్ల ఆపరేషన్‌కంటె అది సులువైనది, ప్రమాదం తక్కువైనది అని ప్రతి వైద్యుడూ చెపుతాడు. అయినా కత్తి ఒక పక్కకే పోతుంది.

ఇట్లా కుట్లతో ఇంటికి వచ్చిన మనిషితో, కొన్ని వారాలపాటు బరువులు ఎత్తవద్దని వైద్యులు చెపుతారు. ఇంట్లో మూడేళ్ల పెద్దబిడ్డ ఉన్నది. పన్నెండు పదమూడు కిలోల బరువు. ఆ బిడ్డ అమ్మ చంక ఎక్కాలని ఏడుస్తుంది. మానుకున్న పాలసీసా మళ్లీ అడుగుతుంది, పక్క తడుపుతుంది, చిన్నబిడ్డ నిద్రపోగానే కావాలని అరుస్తుంది. ఇదంతా అసూయ అని, ప్రేమతో నయం చెయ్యాలని మన రచయితలు రాస్తారు. సరే. కాని ప్రేమకు చేతులుండాలి. ఆ పన్నెండు కిలోలను ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, అన్నం పెట్టాలి, బడికి తీసుకుపోవాలి, రాత్రి పక్కన పడుకోబెట్టుకోవాలి. బాలింత ఎత్తుకోకూడదు. తండ్రి ఇంట్లో ఉండడు. అప్పుడు ఆమె ఎత్తుకుంటుంది. కుట్లు మానకముందే ఎత్తుకుంటుంది. తండ్రి ఇంట్లో లేకపోవటానికి ఖరీదు కట్టదలిస్తే ముందు ఆ కుట్ల దగ్గర కట్టాలి.

కూలివాళ్ల ఇళ్లలో ఈ ఖరీదు ఇంకొకరు కూడా చెల్లిస్తారు. ఆ సంగతి ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. రెండో తరగతి చదువుతున్న పిల్ల వరసగా బడికి రావటం మానుతుంది. కబురు చేస్తే, ఇంట్లో చిన్నవాడు పుట్టాడని తెలుస్తుంది. అమ్మ పనిలోకి పోయినప్పుడు ఆ పిల్ల చంకన తమ్ముడు ఉంటాడు; ఊయల ఊపేదీ ఆ పిల్లే. ఆరు నుంచి పద్నాలుగు సంవత్సరాల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య హక్కని 2009లో చట్టం చేశాం. ఏడేళ్ల ఆడపిల్లను ఆయాను చేస్తున్న ఆ ఖాళీని మాత్రం చట్టం చూడలేదు. అంగన్‌వాడీ కేంద్రం మూడేళ్లు నిండిన పిల్లలనే కూర్చోబెట్టుకుంటుంది. అంతకు చిన్నవాళ్లకు ఇచ్చేది పౌష్టికాహారమే. పగలంతా చూసుకునే చోటు కాదు. మూడేళ్లలోపు బిడ్డకు మిగిలేది అక్క చంక.

“మా ఇళ్లలో ఇప్పుడు మగవాళ్లు చాలా సాయం చేస్తున్నారండీ” అంటారు కొందరు. ఈ మాటకు లెక్క ఉన్నది. జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ 2024లోనూ దేశమంతటా జనం రోజును ఎట్లా గడుపుతున్నారో సర్వే చేసింది. 2019లో ఇంటిపని చేసే స్త్రీ సగటున రోజుకు 299 నిమిషాలు చేసింది. ఇంటిపని చేసే పురుషుడు 97 నిమిషాలు. ఐదేళ్ల తరువాత స్త్రీది 289 నిమిషాలు అయింది, పురుషుడిది 88. పాఠకులు ఈ అంకెలను జాగ్రత్తగా గమనించాలి. ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గింది. తగ్గిన ఆ పది నిమిషాలు మగవాడి ఖాతాలోకి చేరలేదు. ఆయన పని కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. మిక్సీయో, కుక్కరో, కుళాయో చేసిన మేలును ఇద్దరూ పంచుకున్నారు. పనిని మాత్రం పంచుకోలేదు.

పిల్లల్నీ, పెద్దల్నీ చూసుకునే పని సంగతి వేరే ఇచ్చారు. 15 నుంచి 59 ఏళ్లలోపు స్త్రీలలో నూటికి 41 మంది రోజుకు 140 నిమిషాలు ఈ పని చేస్తున్నారు. పురుషులలో నూటికి 21 మంది 74 నిమిషాలు చేస్తున్నారు. గుణించి చూస్తే, నూరుగురు మగవాళ్లు కలిసి చేసే దానికి నూరుగురు ఆడవాళ్లు కలిసి చేసేది మూడున్నర రెట్లకు పైన. ‘చాలా సాయం’ అంటే ఇది.

అసలు ‘సాయం’ అనే మాటలోనే తిరకాసున్నది. సాయం చేసేవాడిది పని కాదు. పని ఇంకొకరిది; ఆయన దయతలచి చెయ్యి వేస్తాడు. చెప్పితే చేస్తాడు, చెప్పకపోతే చెప్పలేదంటాడు. బిడ్డకు పుట్టగానే వేసే టీకాల తరువాత ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం మళ్లీ టీకాలు వెయ్యాలి. వెళదాం పద అంటే తండ్రి బండి తీస్తాడు. ఆరు, పది, పద్నాలుగు అని తలలో పెట్టుకు తిరిగేది ఎవరు? పాలు విరిగితే ఏం చెయ్యాలో, పెద్దదాని బడి సంచీలో ఏం లేదో, బిడ్డ ఉదయం నుంచి ఎన్నిసార్లు ఒంటికి పోయిందో గుర్తుంచుకొనేది ఎవరు? ఫ్యాక్టరీలో ఈ పని చేసేవాణ్ణి మేస్త్రీ అంటారు. అతనికి జీతం ఎక్కువ. ఇంట్లో చేసేదానికి పేరు కూడా లేదు. బిడ్డను కాళ్లమీద వేసుకొని లాలపొయ్యగల మగవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో ఎవరి వాడలో వారు లెక్కపెట్టుకోవచ్చు; చేతి వేళ్లు చాలు. దానికి కావలసినది స్త్రీత్వం కాదు. ఒక పీట, గోరువెచ్చని నీళ్లు, పదిరోజుల అలవాటు.

ఇక్కడ ప్రకృతిని సాక్ష్యానికి పిలుస్తారు. మగవాడు పాలివ్వలేడు కదా అంటారు. నిజమే, ఇవ్వలేడు. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. ఆ ఒక్క పనీ తల్లిదే. సరిగ్గా ఆ కారణం చేతనే మిగిలిన పనులన్నీ తండ్రివి కావాలి. ప్రకృతి ఒక్క పని విషయంలో వివక్ష చూపితే, ఆ ఒక్కదాన్నీ ఆధారం చేసుకొని తక్కిన ఇరవై పనులూ ఆమెకే కట్టబెట్టింది ప్రకృతి కాదు, మనం.

పెద్దవాళ్లున్నారు కదా అన్నది ఇంకొక వాదం. పెద్దవాళ్లంటే ఎవరు? తాతగారు కాదు. అమ్మమ్మ, నాయనమ్మ. యాభై ఏళ్లు ఇంటిపని చేసి మోకాళ్లు అరిగిన మనిషిని మళ్లీ పురిటి గది పనిలోకి దింపి, దానికి ఉమ్మడి కుటుంబపు మాధుర్యం అని పేరు పెడుతున్నాం. ఈ మాధుర్యం సముద్రాలు కూడా దాటింది. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లకు, కాన్పు సమయానికి, అమ్మమ్మ ఆరునెలలు, ఆ తరువాత నాయనమ్మ ఆరునెలలు వంతులు వేసుకొని పోవటం ఇవాళ ప్రతి ఊళ్లోనూ తెలిసిన సంగతి. ఆ సంపన్న దేశంలో 1993 నాటి కేంద్ర చట్టం తల్లికైనా తండ్రికైనా ఇచ్చేది జీతం లేని పన్నెండు వారాల సెలవు; అది కూడా చిన్న సంస్థలలో పనిచేసేవారికి లేదు. అక్కడి పెట్టుబడిదారుడు ఇవ్వని సెలవును కృష్ణా జిల్లా నుంచో, కరీంనగరం నుంచో వెళ్లిన ముసలమ్మ తన ఒళ్లు హూనం చేసుకొని పూడుస్తున్నది. జీతం లేని ఈ ఎగుమతి ఏ వాణిజ్య లెక్కలలోనూ ఎక్కదు.

మన దేశపు చట్టం మాత్రం తీసిపోయిందా? ప్రసూతి సౌకర్యాల చట్టం 1961లో వచ్చింది. 2017లో దాన్ని సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకూ 26 వారాల సెలవు చేశారు. 2025 నవంబరు 21 నుంచి అది 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది. ఆ స్మృతిలో తల్లికి 26 వారాలు ఉన్నాయి. తండ్రికి ఒక్క రోజు లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగికీ, మన రెండు రాష్ట్రాల ప్రభుత్వోద్యోగులకూ 15 రోజుల పితృత్వ సెలవు ఉన్నది. ప్రయివేటు ఉద్యోగికి యజమాని దయ. ఆటో తోలేవాడికి, తాపీ పనివాడికి, హమాలీకి, ఇంటింటికీ అన్నం పొట్లాలు మోసే కుర్రవాడికి ఆ దయ కూడా లేదు. రాని రోజుకు కూలి లేదు.

తల్లికి ఇచ్చిన 26 వారాలు మంచిపనే. కాని తండ్రికి ఏమీ ఇవ్వకుండా తల్లికి మాత్రమే ఇవ్వటంలో ఒక ప్రమాదం ఉన్నది. ఆ సెలవు జీతం, కార్మిక బీమా వర్తించనిచోట, మొత్తం యజమానే భరించాలి. అట్లా ఒక్కొక్క యజమాని నెత్తిన పెట్టకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒడంబడికలోనే చెప్పింది. యజమాని ఏమనుకుంటాడు? ఆడమనిషిని తీసుకుంటే ఆరునెలల జీతం నష్టం, మగమనిషిని తీసుకుంటే ఆ బెడద లేదు అనుకుంటాడు. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఆ ‘బెడద’ కూడా ఇద్దరిదీ కావాలి. తండ్రికి సెలవు అడగటం తండ్రికోసం అడగటం మాత్రమే కాదు. తల్లి ఉద్యోగం నిలబెట్టటానికి కూడా.

ఇక అసంఘటిత రంగంలోని తల్లి మాట. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తక్కువకాకుండా ఇవ్వాలన్నది. దాన్ని అమలు చెయ్యటానికి పెట్టిన మాతృ వందన పథకం మొదటి బిడ్డకు 5,000 ఇస్తున్నది. రెండో బిడ్డకు? ఆడపిల్ల అయితే 6,000. మగపిల్లవాడైతే ఏమీ లేదు. ఆడపిల్లను ప్రోత్సహించటానికట. ఆడపిల్లను ప్రోత్సహించవలసిందే. కాని మగబిడ్డను కన్న బాలింతకు ఆకలి ఉండదా? ఆమె మర్నాడే గడ్డిపార పట్టాలా? చట్టం ‘ప్రతి గర్భిణి’ అన్నది. పథకం బిడ్డను విప్పి చూసి డబ్బిస్తున్నది.

ఈ లోపల పాలకులకు కొత్త దిగులు పట్టుకున్నది. జనాభా తగ్గిపోతున్నదట. ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 1.7కూ, తెలంగాణాలో 1.8కూ దిగింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీచెయ్యరాదన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తీసేసింది. ఎక్కువమందిని కనండని సభలలో పిలుపులు ఇస్తున్నారు. నిన్న వద్దన్నారు, నేడు కనమంటున్నారు. రెండుసార్లూ తల్లిని సలహా అడగలేదు. 2025లో ఈ రెండు రాష్ట్రాలూ రోజుకు పనిగంటల పరిమితిని 10కి పెంచటానికి పూనుకున్నాయి. పది గంటల పని, రెండు గంటల ప్రయాణం, ఆపైన నిద్ర: అవి పోగా ఇంటిపనికి మిగిలేది ఎంత? పిల్లలు కావాలట, తండ్రి మాత్రం ఇంటికి రాకూడదట. రెండో బిడ్డను ఎందుకు కనటం లేదని యువదంపతులను అడిగేవారు, ముందు ఈ కూడికలూ తీసివేతలూ చెయ్యాలి.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. ఇది మధ్యతరగతి గోల అని, వర్గపోరాటాన్ని పక్కదారి పట్టిస్తుందని అనే మిత్రులున్నారు. ఎనిమిది గంటల పనిదినం కోసం ప్రాణాలిచ్చిన కార్మికులు మిగిలిన గంటలు దేనికి అడిగారు? మనుషులుగా బతకటానికి అడిగారు. బిడ్డను ఎత్తుకోవటం అందులో భాగం కాకపోతే మరేది అవుతుంది? ఇంకొందరు, సోషలిజం వస్తే ఇది దానంతటదే పోతుందంటారు. ఇంటిచాకిరీ సామాజిక పరిశ్రమగా మారితేనే స్త్రీ విముక్తి అని ఎంగెల్సు 1884లో రాశాడు. సామూహిక భోజనశాలలూ, శిశుగృహాలూ కమ్యూనిజానికి మొలకలని లెనిన్ 1919లో అన్నాడు. రెండూ సత్యాలే. సోవియట్ దేశం శిశుగృహాలు కట్టింది. మనం ఇవాళ్టికీ కట్టలేదు. అయినా కథ అక్కడ ముగియలేదు. 1969లో ‘నోవీ మీర్’ పత్రికలో నతాలియా బరాన్‌స్కయా ఒక పెద్దకథ అచ్చువేసింది. ప్రయోగశాలలో పనిచేసే ఒక యువతి. ఇద్దరు పిల్లల తల్లి. ఆమె వారంరోజుల బతుకే ఆ కథ. శిశుగృహం ఉన్నది, ఉద్యోగం ఉన్నది, చెడ్డవాడు కాని భర్త ఉన్నాడు. అయినా ఆమె సోమవారం నుంచి ఆదివారం దాకా పరుగెత్తుతూనే ఉంటుంది. ఉద్యోగం చోట ఆమెకు ఒక ప్రశ్నావళి ఇస్తారు: ఇంటిపనికి ఎన్ని గంటలు, పిల్లలకు ఎన్ని గంటలు, తీరిక ఎంత? ఆమెకు ఏం రాయాలో తోచదు. ఆ ప్రశ్నావళి ఆడవాళ్లకు మాత్రమే ఇచ్చినది. ఆమె భర్తకు ఎవరూ ఏ ప్రశ్నావళీ ఇవ్వలేదు. లోపం సరిగ్గా అక్కడున్నది. ఉత్పత్తి సంబంధాలు మారటం అవసరం. కాని మగవాడి చేతులు వాటంతటవే తొట్టి గుడ్డల వైపు కదలవు.

కదిలించటానికి మార్గం లేకపోలేదు. స్వీడన్ 1974లో తల్లికిచ్చే సెలవును తల్లిదండ్రుల సెలవుగా మార్చింది. ఇద్దరిలో ఎవరైనా వాడుకోవచ్చునన్నది. ఏమయింది? తల్లులే వాడుకున్నారు. 1995లో ఒక నెల తండ్రికే కేటాయించారు: ఆయన వాడుకోకపోతే ఆ నెల పోతుంది, తల్లికి బదిలీ కాదు. 2002లో రెండు నెలలు, 2016లో మూడు నెలలు చేశారు. ఇప్పుడు అక్కడ మొత్తం సెలవు దినాలలో సుమారు 30 శాతం తండ్రులవి. స్వీడన్ మగవాళ్లకు హఠాత్తుగా హృదయాలు కరగలేదు, చట్టం మారింది. జపానుది దీనికి ఎదురు పాఠం. అక్కడ తండ్రికి బిడ్డ ఏడాది నిండేదాకా సెలవుహక్కు కాగితంమీద ఉన్నది. 2015లో నూటికి ముగ్గురు కూడా వాడుకోలేదు. పై అధికారి ముఖం చూసి భయం. సెలవు తీసుకుంటావా అని యజమానే ఒక్కొక్కరినీ అడిగి తీరాలని 2022లో నిబంధన పెట్టారు. 2023లో వాడుకున్నవారు నూటికి 30 మంది. చట్టం ఉండాలి, ఆ చట్టం వెనక బలవంతం కూడా ఉండాలి.

సెలవిస్తే మగవాడు నిద్రపోతాడు, పేకాడతాడు అని వెక్కిరించేవారున్నారు. కొందరు ఆ పనే చేస్తారు. తల్లి ఇంట్లో ఉన్నప్పుడే ఇచ్చే పదిహేను రోజులు మగవాణ్ణి మళ్లీ అతిథిని చేస్తాయి. అందుచేత సెలవులో కొంత భాగం కాన్పు నాడు ఇవ్వాలి, పెద్దబిడ్డను ఎత్తుకోవటానికి. మిగతాది తల్లి ఉద్యోగంలోకి తిరిగి వెళ్లిన తరువాత ఇవ్వాలి, ఇద్దరు పిల్లలనూ ఒంటరిగా చూసుకోవటానికి. ఆ నెలరోజులు ఒంటరిగా గడిపిన తండ్రి ‘సాయం’ అనే మాట మళ్లీ వాడడు.

మన రచయితలు కూడా ఒకటి ఆలోచించాలి. పిల్లలను కొట్టకుండా, భయపెట్టకుండా పెంచాలని ‘బిడ్డల శిక్షణ’లో చలం చెప్పిన భాష ఇది. ఆ భాషలో నాన్నమీద ఇవాళ వస్తున్న కవిత్వం ఎట్లా ఉన్నది? నాన్న ఒక మహావృక్షం, నాన్న ఒక గొడుగు, నాన్న మౌనంగా చెప్పులు అరగదీసుకొనే త్యాగమూర్తి. చెట్టూ గొడుగూ లంగోటాలు మార్చవు. మౌనత్యాగాన్ని కీర్తించటమంటే, ఆయన రోజంతా బయట ఉండటాన్ని కీర్తించటమే. పన్నెండు గంటలు బయట ఉంచుతున్నవాడెవడో అడగని కవి, తండ్రిని పొగిడి యజమానికి మేలు చేస్తున్నాడు. కొత్తగా వచ్చిన ‘సర్దుకొనే తండ్రి’ ఈ చెట్టుకంటె నయమే. కనీసం ఆయన ఇంట్లో ఉన్నాడు. ఉన్నవాణ్ణి పనిలోకి దించటం ఇక సాహిత్యం వంతు. ఆయన గుండెలో ఏం కదిలిందో చాలా రాశాం. ఆయన చేతులు ఏం చేశాయో రాయాలి.

అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. సంఘటిత, అసంఘటిత భేదం లేకుండా ప్రతి తండ్రికీ జీతంతో సెలవు ఉండాలి. అందులో ఒక భాగం మరొకరికి బదిలీ కానిది కావాలి. ఆ ఖర్చు ఒక్కొక్క యజమానిమీద కాక సామాజిక బీమా నిధిమీద పడాలి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టం కింద నిర్మాణ వ్యయంమీద సుంకం వసూలవుతున్నది. ఆ సంక్షేమ నిధి నుంచి మేస్త్రీకీ, కూలికీ బిడ్డ పుట్టిన రోజుల కూలి ఇవ్వవచ్చు. మాతృ వందన పథకంలో రెండో బిడ్డ ఆడా మగా అన్న విచారణ పోవాలి. మూడేళ్లలోపు పిల్లలకు ప్రతి వాడలోనూ శిశుగృహం రావాలి. 50 మంది ఉన్న సంస్థలకే అది విధి అన్న నిబంధన వ్యవసాయ కూలి స్త్రీకి దేనికీ పనికిరాదు. పనిగంటలు పెంచే ప్రతి ఉత్తర్వునూ పసిబిడ్డల మీద దాడిగా లెక్కించి ఎదిరించాలి.

ఇవి ఎవరు అడగాలి? ఉపాధ్యాయ సంఘాలలో, విద్యార్థి సంఘాలలో ఉన్న మిత్రులు తమ సంఘాల కోర్కెల పత్రాలు తీసి చూడండి. కరువుభత్యం ఉంటుంది, పింఛను ఉంటుంది, బదిలీలు ఉంటాయి, ఉండవలసిందే. తండ్రి సెలవు ఎన్నో కోర్కెగా ఉన్నది? అసలు ఉన్నదా? లేకపోతే ఈ ఏటి మహాసభలోనే చేర్చండి. ప్రభుత్వం ఇచ్చేదాకా పోరాడదాం. బిడ్డను కాళ్లమీద వేసుకొని లాలపొయ్యటం నేర్చుకోవటానికి మాత్రం ఏ ప్రభుత్వ ఉత్తర్వుతోనూ పనిలేదు.